ముందు కాపీ, తర్వాతే రిపేరు

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్కారం. పర్లాకిమిడి బస్టాండు దగ్గర మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. మా ఆయన పని మీద సూరత్‌లో ఉంటారు, షాపు నేనే చూసుకుంటాను. నా పుట్టిల్లు పాతపట్నం. అర్జీలు, పెళ్ళి కార్డులు, పిల్లల ప్రాజెక్టులు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ టైపు చేస్తాను. కంప్యూటరు 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. పొద్దున్న ఆన్ చేసి, షాపు ముందు ఊడ్చి, ముగ్గు పెట్టి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది. మా మరిది ఏవో రెండు మూడు క్లీనర్లు వేశాడు. ఇంకా నెమ్మదించింది. ఆంధ్రా వైపు నుంచి వచ్చే తెలుగు ఫైళ్ళు తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తున్నాయి. విండోస్ 10 అయిపోయిందని మెసేజ్ వస్తోంది. ఆరేళ్ళుగా చేసిన పెళ్ళి కార్డులన్నీ ఇందులోనే ఉన్నాయి. కొత్తది కొనే స్తోమత ఇప్పట్లో లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఉచితంగా దొరికే వాటితో దీన్ని నడిపించే దారి చెప్పండి.
— ఒక చెల్లెలు, పర్లాకిమిడి

జవాబు: చెల్లెమ్మా, మీరు అడిగినవన్నీ చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది నెమ్మదితనం కాదు, విండోస్ మెసేజూ కాదు. "ఆరేళ్ళుగా చేసిన పెళ్ళి కార్డులన్నీ ఇందులోనే ఉన్నాయి" అన్న మాట. అంటే ఇంకెక్కడా లేవన్నమాట. పదకొండు పన్నెండేళ్ళ హార్డ్ డిస్కు మీద మీ ఆరేళ్ళ కష్టం ఒంటరిగా కూర్చుని ఉంది. ఈ ఉత్తరం చదవడం ఇక్కడ ఆపేసి వెళ్ళి కాపీ తీసుకుంటానన్నా నేను సంతోషిస్తాను.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఇది నా ఇంట్లో జరిగింది. మా అమ్మ పాడిన మంగళహారతులు, పెళ్ళి పాటలు నలభై దాకా రికార్డు చేసి కంప్యూటర్లో పెట్టుకున్నాను. ఒకరోజు కంప్యూటర్ డబ్బా లోంచి టక్, టక్ అని చిన్న చప్పుడు మొదలైంది. ఫ్యానేమో అనుకున్నాను. వారం రోజులు అలాగే వాడాను. ఎనిమిదో రోజు డిస్కు కనిపించడం మానేసింది. మేం తిరిగిన ప్రతిచోటా ఒకటే మాట, డిస్కు లోపలి పళ్ళెం గీరుకుపోయింది, ఇక రాదని. అమ్మ ఇప్పుడు లేదు. ఆ పాటల్లో నా దగ్గర మిగిలినవి రెండు, అవి కూడా చెల్లెలి ఫోన్లో ఉండబట్టి. ఆ వారం రోజుల్లో ఏ ఒక్క పూటైనా కాపీ తీసుకుని ఉంటే సరిపోయేది.

కాబట్టి మొదటి పని ఇది. ఒక బయటి హార్డ్ డిస్కు కొనండి. అది కుదరకపోతే ఇవాళ్టికి 64 జీబీ పెన్‌డ్రైవ్ అయినా చాలు. పెళ్ళి కార్డులు, లెక్కలు, ఇంటి ఫోటోలు అందులోకి కాపీ చేయండి. కట్ చేయకండి. కట్ చేస్తే మళ్ళీ ఒకే చోట ఉన్నట్టే. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్ లోంచే నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడండి. ఎక్కాయని అనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు.

రోజువారీకి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. విండోస్ 10లోనే ఫైల్ హిస్టరీ ఉంది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, దాంట్లో బ్యాకప్ తెరిచి బయటి డిస్కు చూపిస్తే, అది తగిలించి ఉన్నంతసేపూ గంటకోసారి మారిన ఫైళ్ళను దాచుతుంది. నిన్నటి కార్డు మీద పొరపాటున ఇవాళ్టిది సేవ్ చేసేసినా నిన్నటిది వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒక్క విషయం మరవకండి. అది మామూలుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లనే చూస్తుంది. మీ పని డి డ్రైవ్‌లో ఉంటే ఆ ఫోల్డరును మోర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి మీరే చేర్చాలి. చాలామంది ఇక్కడే మోసపోతారు, అన్నీ దాస్తోందనుకుంటారు.

షాపు మూసేటప్పుడు ఆ డిస్కు ఊడదీసి ఇంటికి తీసుకెళ్ళండి. కంప్యూటర్‌కి వైరస్ పడితే తగిలించి ఉన్న డిస్కుకీ పడుతుంది. ఇంకొక కాపీ నెలకోసారి పాతపట్నంలో అమ్మ వాళ్ళింట్లో పెట్టండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు గజపతి జిల్లా ఎలా ఉందో నాకంటే మీకే బాగా తెలుసు. నీళ్ళు వచ్చినా, కప్పు ఎగిరినా ఒక కాపీ మరో ఇంట్లో ఉండాలి. మరీ ముఖ్యమైన వాటికి గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం.

ఇది అయ్యాక, డిస్కు ఆరోగ్యం చూద్దాం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెరవగానే పైన ఒక రంగు కనిపిస్తుంది. నీలం అయితే బాగుంది, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే ఇక నమ్మకూడదు. కింద వరుసగా పేర్లు, అంకెలు ఉంటాయి. అన్నీ అర్థం కానక్కర్లేదు. రీఎలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్, అన్‌కరెక్టబుల్ సెక్టార్ అని ఉన్న మూడింటి ఎదురుగా కుడి చివర అన్నీ సున్నాలే ఉండాలి. అక్కడ అంకె కనిపించిందంటే డిస్కు మీద పాడైన చోట్లు మొదలైనట్టు. ఆ అంకె వారం వారం పెరుగుతుంటే రోజులు దగ్గరపడినట్టే. రంగు నీలంగా ఉన్నా ధీమా వద్దు. కొన్ని డిస్కులు ఏ సూచనా ఇవ్వకుండానే ఆగిపోతాయి.

ఇప్పుడు నెమ్మదితనం సంగతి. రేపు ఆన్ చేసి, డెస్క్‌టాప్ రాగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ అన్న వరుసలో 100 శాతం అని ఎర్రగా నిలబడి, సీపీయూ మాత్రం ఇరవై ముప్పై దగ్గర ఉంటే, మీ ఐ3 ప్రాసెసర్‌కి ఏ లోపమూ లేదు. అది పని చేయడానికి సిద్ధంగా ఉంది, డిస్కు అందించలేకపోతోంది. మీరు చెప్పిన లక్షణాలకు పదిలో తొమ్మిదిసార్లు ఇదే కారణంగా చూశాను. హార్డ్ డిస్కులో పళ్ళేలు తిరుగుతుంటాయి. డెస్క్‌టాప్ డిస్కు అయితే సాధారణంగా నిమిషానికి 7,200 చుట్లు. సూది లాంటి చెయ్యి ఒకటి ముందుకీ వెనక్కీ జరుగుతూ కావలసిన చోటు వెతుక్కోవాలి. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్ళు అడుగుతుంది. ఆ చెయ్యి వేలసార్లు జరగాలి. ఎస్ఎస్‌డీ అనే రకం డిస్కులో తిరిగేది, జరిగేది ఏదీ లేదు, అంతా చిప్పులే.

మీ ఊరి రైలు గుర్తుందా? నౌపడ నుంచి గుణుపురం దాకా చిన్న పట్టాల మీద నడిచింది, 2011 కల్లా పెద్ద పట్టాలకు మారింది. స్టేషన్లు అవే, ఎక్కే జనం వాళ్ళే. మారింది కింది దారి. మీ కంప్యూటర్‌కి ఎస్ఎస్‌డీ వేయడం కూడా అలాంటి పనే. పాత బోర్డుకి సరిపోయే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 240 లేదా 256 జీబీది చాలు. మీరు డబ్బు పెట్టవలసింది ఏదైనా ఉంటే ఇది ఒక్కటే, ముందు ఇదే. ర్యామ్ సంగతి తర్వాత. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ నొక్కితే రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉందో లేదో రాసి ఉంటుంది. ఖాళీ ఉంటే ఇంకో 4 జీబీ డీడీఆర్3 ముక్క సెకండ్ హ్యాండ్‌లో చూసుకోండి. పాతదానికి సరిపోయేదో కాదో పెట్టి చూశాకే డబ్బులివ్వండి.

పాత డిస్కులో ఉన్న విండోస్‌ని ఉన్నది ఉన్నట్టుగా ఎస్ఎస్‌డీలోకి తెచ్చుకోవచ్చు. రెస్క్యూజిల్లా అనే ఉచిత సాధనాన్ని పెన్‌డ్రైవ్ మీద వేసి, దాంతో కంప్యూటర్ లేపితే బొమ్మల మెనూలు చూపిస్తూ చేయించుకుంటుంది. ఎటునుంచి ఎటు అన్నది మాత్రం ఒకటికి రెండుసార్లు చూడండి. అక్కడ తారుమారైతే నిండుగా ఉన్న డిస్కు ఖాళీ అవుతుంది. అయితే కొత్త డిస్కు పాత డిస్కు కంటే చిన్నదైతే ఆ దారి కష్టం, పైగా మీ మరిది వేసిన క్లీనర్లన్నీ దాంతోపాటే వస్తాయి. మీ విషయంలో ఎస్ఎస్‌డీ మీద విండోస్ కొత్తగా వేయించి, పాత డిస్కును అదే డబ్బాలో రెండో డిస్కుగా ఉంచడమే మేలనిపిస్తోంది, అది నీలం రంగులో ఉంటేనే.

ఎస్ఎస్‌డీ వచ్చేలోపు రెండు పనులు చేయండి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అని ఒక ట్యాబ్ ఉంటుంది. ఆన్ చేయగానే తమంతట తామే లేచి కూర్చునేవన్నీ అక్కడ కనిపిస్తాయి. ప్రింటరు వాళ్ళ ప్రకటనల ప్రోగ్రామ్, ఎప్పుడో వేసిన డౌన్‌లోడర్, చాట్ యాప్. మీకు పొద్దున్నే అవసరం లేనివాటిని డిజేబుల్ చేయండి. తీసేసినట్టు కాదు, పిలిచినప్పుడే వస్తాయి. విండోస్ సెక్యూరిటీని మాత్రం ముట్టుకోకండి. రెండోది, మరిది వేసిన క్లీనర్లన్నీ తీసేయండి. పాపం అతను మేలు చేద్దామనే వేశాడు, ఏమీ అనకండి. కానీ రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే పుస్తకం, శుభ్రం చేస్తే కంప్యూటర్ పరుగెడుతుందన్న మాటలో నిజం లేదు. లక్షల వరుసలున్న పుస్తకంలో నాలుగు వందల వరుసలు కొట్టేస్తే పుస్తకం బరువేమీ తగ్గదు, కొట్టకూడనిది కొట్టేస్తే మాత్రం ఒక ప్రోగ్రామ్ చస్తుంది. అలాంటి క్లీనర్లు వాడితే వచ్చే సమస్యలకు తాము బాధ్యులం కామని విండోస్ చేసినవాళ్ళే చెబుతారు. పేరున్న సీక్లీనర్‌లోనే 2017లో 5.33 వెర్షన్‌లోకి ఎవరో దుష్ట కోడ్ చొప్పించారు. ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లలో ఆ వెర్షన్ పడింది. అవసరం లేని సాఫ్ట్‌వేర్ ఒకటి పెరిగితే వీధిలోకి ఇంకో తలుపు తెరిచినట్టే.

సి డ్రైవ్ ఎందుకు నిండిందో చూడాలంటే విన్‌డిర్‌స్టాట్ వేయండి. అదీ ఉచితమే. డిస్కు మొత్తాన్ని రంగు రంగుల గళ్ళుగా గీసి చూపిస్తుంది. పెద్ద గడి అంటే పెద్ద ఫైలు. దాని మీద నొక్కితే ఎక్కడుందో చెబుతుంది. ఎవరో పెన్‌డ్రైవ్ నుంచి దింపి వదిలేసిన రెండు సినిమాలు, మూడేళ్ళ నాటి స్కానులు బయటపడతాయి. విండోస్ అని పేరున్న ఫోల్డరులో మాత్రం చేత్తో ఏదీ చెరపకండి. దానికి సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ ఉంది.

అక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అన్న పేరు పక్కన కూడా ఒక గడి ఉంటుంది. అన్నింటికీ టిక్కులు పెట్టేసి రిమూవ్ నొక్కితే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం పోతుంది. జిరాక్స్ షాపులో వాట్సాప్ వెబ్ నుంచి దింపే ప్రతి ఫైలూ పడేది అక్కడే. ముందు ఆ టిక్కు తీసి, తర్వాతే రిమూవ్ నొక్కండి.

విండోస్ 10 మెసేజ్ అబద్ధం కాదు. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది. ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోదు, కొత్తగా బయటపడే కన్నాలను పూడ్చేవాళ్ళు ఉండరు, అంతే. మీ నాలుగో తరం ఐ3 విండోస్ 11కి పనికిరాదు. దానికి ఎనిమిదో తరం ఇంటెల్ అయినా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఏవో అడ్డదారుల్లో వేసిస్తామనేవాళ్ళు వస్తారు, షాపు నడిచే కంప్యూటర్ మీద అలాంటి ప్రయోగం వద్దు. సొంత కంప్యూటర్లు వాడుకునే వాళ్ళకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే ఏర్పాటు ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే చేరవచ్చు. అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు కనిపిస్తుంది. ముందు విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉందో లేదో చూసుకోండి.

ఆ తర్వాత దారి, విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్. పూర్తిగా ఉచితం, మీలాంటి పాత కంప్యూటర్ల మీద చక్కగా నడుస్తుంది. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తీసుకోండి. రూఫస్ అనే సాధనంతో దాన్ని పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే ఒక ఆదివారం నడిపి చూడవచ్చు. మీ ప్రింటరు పలికిందా, స్కానరు పలికిందా, ఆధార్ వేలిముద్రల పరికరం ఉంటే దానికి లినక్స్ డ్రైవర్ ఉందా, ఈ మూడూ చూసుకోండి. మూడింటిలో ఒకటి పలక్కపోయినా తొందరపడకండి.

ఇక తెలుగు ఫైళ్ళు. నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి ఇదే, కాస్త ఎక్కువ రాస్తాను.

ఆంధ్రా వైపు ప్రెస్సుల నుంచి వచ్చేవి ఎక్కువగా అను ఫాంట్లలో చేసినవై ఉంటాయి. ఆ పద్ధతిలో ఫైలు లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగిన ఫాంటు మీ దగ్గర ఉంటే తెలుగులా కనిపిస్తుంది, లేకపోతే లోపలి గుర్తులు బయటపడతాయి. మీరు చూసిన పిచ్చి గీతలు అవే. ఫైలు పాడవలేదు, తొడుగు జారింది. పంపినవాళ్ళను పీడీఎఫ్ అడగండి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలే ఉంటుంది కాబట్టి మీ దగ్గర లేకపోయినా ప్రింటు సరిగ్గా వస్తుంది. అందులో మార్పులు చేయవలసి వస్తే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర, అర్ధానుస్వారాల దగ్గర తప్పులు వస్తాయి. పెళ్ళికొడుకు పేరులో ఒక ఒత్తు పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మార్చాక అక్షరం అక్షరం చదవండి.

మీరు కొత్తగా చేసేవి మాత్రం యూనికోడ్‌లోనే చేయండి. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ తనదైన సంఖ్య ఉంది. తెలుగు 'క' సంఖ్య 3093. ఒడియా 'క' సంఖ్య 2837. రెండింటికీ తేడా 256. 'అ' తీసుకోండి, తెలుగులో 3077, ఒడియాలో 2821. మళ్ళీ 256. మన దేశపు ప్రధాన లిపులను ఒకే వరుసలో అమర్చారు కాబట్టి అలా కలిసింది. అదే అమరిక కీబోర్డు మీద కూడా ఉంది, దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. మీలాంటి సరిహద్దు ఊరి వాళ్ళకు ఇంత అక్కరకొచ్చేది మరొకటి లేదు.

ఒకసారి చేసి చూడండి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్‌కి వెళ్ళి తెలుగు, ఒడియా రెండూ చేర్చండి. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. తెలుగులో ఉంచి ఇంగ్లీషు జే, ఈ, సీ, జీ కీలు వరుసగా నొక్కండి. ర, దీర్ఘం, మ, కొమ్ము పడి 'రాము' అని వస్తుంది. ఇప్పుడు ఒడియాకి మార్చి అవే నాలుగు కీలు నొక్కండి. రాము అనే పేరే ఒడియా లిపిలో వస్తుంది. హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద, గుణింతాలు ఎడమచేతి కింద ఉంటాయి. డీ కీ పొల్లు. ఒత్తు కావాలంటే అక్షరం, డీ, ఆపై రెండో అక్షరం. 'పర్లా' రాయాలంటే హెచ్, జే, డీ, ఎన్, ఈ. ఒక భాషకు పదిహేను రోజులు చెయ్యి తిప్పితే రెండో భాషకు మళ్ళీ నేర్చుకునేది చాలా తక్కువ. అంత ఓపిక లేకపోతే ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే ఉంది. రోజంతా టైపు చేసేవారికి మాత్రం ఇన్‌స్క్రిప్టే వేగం.

అందమైన ఫాంట్లు యూనికోడ్‌లో ఉండవన్న మాట ఇప్పుడు చెల్లదు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉన్నాయి. రామభద్ర, మండలి, మల్లన్న, సురవరం, తిమ్మన, అన్నీ ఉచితం, వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ అడగరు. వాటిలో ఒకదాని పేరు గిడుగు. మీ ఊళ్ళో పాఠాలు చెప్పి, అక్కడే సవర భాష నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగులో రాయాలని జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీదే పెట్టారు. ఆ ఫాంటుతో పర్లాకిమిడిలో ఒక పెళ్ళి కార్డు పడితే చూడాలని నాకు కోరిక. తెలుగు, ఒడియా రెండూ ఉండే కార్డుకి బాలూ తమ్ముడు, బాలూ భాయినా అనే జంట ఉంది. తమ్ముడు తెలుగుకి, భాయినా ఒడియాకి. ఒకే కుటుంబం ఫాంట్లు కాబట్టి రెండు లిపులూ పక్కపక్కన పెట్టినా ఒకే చేతిరాతలా ఉంటాయి.

ఇంకొకటి కూడా మీ దగ్గర ఇప్పటికే ఉంది. సవరల కోసం మంగేయి గొమాంగో 1936లో చేసిన సోరా సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంటులో తెలుగు, ఒడియాలతో పాటు ఆ అక్షరాలూ ఉన్నాయి. గుమ్మా వైపు నుంచి ఎవరైనా ఆ లిపిలో ఫైలు తెస్తే లేదనకండి, తెరిచి చూడండి.

పాత పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. అక్కడ ప్రయత్నించి విసిగిపోకండి. కార్డులకు ఇంక్‌స్కేప్, ఉత్తరాలకు, అర్జీలకు లిబ్రే ఆఫీస్ వాడండి. రెండూ ఉచితమే, రెండింటిలోనూ తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. లిబ్రే ఆఫీస్‌తో పెన్‌డ్రైవ్‌లలో తిరిగే క్రాక్ చేసిన ఆఫీస్ అక్కర ఉండదు. ఆ క్రాకులతో వైరస్‌లు కూడా వస్తుంటాయి. కొత్త చోట మెనూలు వెతుక్కోవడానికి వారం పడుతుంది, ఆ వారం ఓర్చుకోండి.

షాపు పనికి పనికొచ్చేది నాప్స్2. స్కాన్ చేసిన పేజీలను వరుస మార్చి, వంకర సరిచేసి, ఒకే పీడీఎఫ్‌గా ఇస్తుంది. అందులోనే టెసరాక్ట్ అనే అక్షరాలు చదివే యంత్రం ఉంది. భాషల జాబితాలో తెలుగు, ఒడియా ఎంచుకుని దింపుకుంటే, అచ్చయిన పేజీలోని మాటలను వెతకడానికీ, కాపీ చేయడానికీ వీలయ్యేలా చేస్తుంది. చేతిరాత చదవలేదు, పాత మసక అచ్చులో తప్పులు చేస్తుంది. పీడీఎఫ్‌లు కలపడానికీ, విడదీయడానికీ పీడీఎఫ్‌శామ్ బేసిక్ చాలు.

దీన్ని కంప్యూటర్‌లోనే చేసుకోండి అనడానికి కారణం ఉంది. పీడీఎఫ్ సైజు తగ్గించాలనగానే నెట్‌లో కనిపించిన ఏదో పేజీలోకి ఎక్కించేస్తాం. మీ షాపుకి వచ్చేవి ఆధార్‌లు, పాసు పుస్తకాలు, కుల ధ్రువపత్రాలు. వాటిని ఎవరిదో తెలియని కంప్యూటర్‌కి పంపినట్టే అవుతుంది. కొండ మీది నుంచి వచ్చిన ముసలమ్మకి ఆ సంగతి తెలియదు, మనమే చూసుకోవాలి. పని అయిపోయాక ఆ ఫైలు డౌన్‌లోడ్స్ నుంచి చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. వాట్సాప్ వెబ్ నుంచి బయటికి రండి. కాపీ మాత్రమే కావాలన్న చోట్ల, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ దింపుకోవచ్చని వచ్చినవాళ్ళకు చెప్పండి. చాలామందికి అది ఉందనే తెలియదు.

పెన్‌డ్రైవ్‌ల విషయంలో ఒక్క మార్పు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ తెరిచి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న గడికి టిక్కు పెట్టండి. అప్పుడు ఫోల్డరు బొమ్మ వేసుకుని వచ్చిన ఫైలు చివర ఈఎక్స్‌ఈ అని ఉంటే కంటికి కనిపిస్తుంది. అది ఫోల్డరు కాదు, నొక్కకండి. వేరే యాంటీవైరస్ కొననక్కర్లేదు, విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవనిస్తే చాలు.

నేను చెప్పిన పేర్లు నెట్‌లో వెతికితే పైన కనిపించేవి ప్రకటనలు. పచ్చరంగు డౌన్‌లోడ్ బటన్లు నాలుగుంటాయి, వాటిలో అసలుది ఒక్కటే ఉండవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళ సొంత సైటు నుంచే దింపండి. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ చేర్చుకుంటే ఆ దొంగ బటన్లు చాలావరకు మాయమవుతాయి. ఫైలు వెతకడానికి ఎవ్రీథింగ్ అనే చిన్న సాధనం ఉంది. పేరులో రెండక్షరాలు కొట్టగానే ఎక్కడున్నా చూపిస్తుంది, తెలుగు పేర్లయినా సరే. కార్డులకు 'కొత్త ఫైల్ 17' అని కాకుండా తేదీ, ఇంటిపేరు పెట్టి సేవ్ చేస్తే దాని విలువ తెలుస్తుంది.

ఇవన్నీ ఒక్కరోజులో చేయబోకండి. ఈ ఆదివారం కాపీ, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో, ఈ రెండే. ఏ రంగు కనిపించిందో, ఆ మూడు వరుసల్లో ఏ అంకెలున్నాయో కాగితం మీద రాసుకుని నాకు పంపండి. ఎస్ఎస్‌డీ ఏది కొనాలో అది చూసి చెబుతాను. పసుపో ఎరుపో కనిపిస్తే, టక్ మన్న చప్పుడు ఒక్కటి వినిపించినా, కాపీ కాకుండా మళ్ళీ ఆఫ్ చేయకండి. మళ్ళీ లేవకపోవచ్చు.